అక్కడక్కడా చిరుజల్లులు

మొక్కలావిడకి మొగుడి మీద కోపం వచ్చి అప్పటికి రెండు రోజులు. ఉత్తి పుణ్యానికి వచ్చిన కోపం కాదు. ఆయనగారి ఆఫీసు డైరెక్టరు ఇంటికి టీకి వచ్చి, పెరట్లోకి తొంగిచూసి, "ఏమిటండీ ఇదంతా?" అని అడిగితే, "ఏదో, మా ఆవిడ కాలక్షేపమండీ" అన్నాడా మహానుభావుడు. కాలక్షేపం! పెరడంతా పరుచుకున్న ప్లాస్టిక్ పందిరి, దాని కింద వరసలు వరసలుగా టమాటా, మిరప, వంగ నారు ట్రేలు, వాటి మధ్య మోకాళ్లు అరిగేలా ఆవిడా ఆవిడ చెల్లెలూ పడే చాకిరీ, ఇదంతా కాలక్షేపమట. చుట్టుపక్కల తోటల వాళ్లు ఏటా ఈ నారు కోసమే కాచుకొని ఉంటారు. ఏడాది పొడుగునా ఆ ఇల్లు నడిచేది సగం దాని మీదే. డైరెక్టరు ఉన్నంతసేపూ ఆవిడ పళ్లు బిగబట్టి నవ్వింది. కారు మలుపు తిరిగిందో లేదో, నోటికి తాళం వేసుకుంది.

వేరే ఇంట్లో అయితే ఇది మామూలు గొడవే. రెండు రోజులు గిన్నెలు గట్టిగా చప్పుడు చేస్తాయి, మూడో రోజుకి సర్దుకుంటుంది. ఈ ఇంట్లో మాటలు ఆగితే ఇంకోటి కూడా ఆగుతుంది. వీధిలో అందరూ సారు అని పిలిచే ఆ మొగుడు పనిచేసేది ప్రాంతీయ వాతావరణ కార్యాలయంలో. సాయంత్రం రేడియోలో చదివే సూచన రాసేది ఆయనే. రాయడం వరకే ఆయన పని, దిద్దడం డైరెక్టరు పని. ఎప్పుడో ఒక వసంతంలో పెనుగాలులని ప్రకటిస్తే, మైదానంలో జరగాల్సిన పెద్ద ప్రదర్శన రద్దయింది. తీరా ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. పైవాళ్లు డైరెక్టరు దుమ్ము దులిపారు. అప్పట్నుంచి కొండంతని గోరంత చేయడమే ఆ ఆఫీసులో ఉద్యోగం. "బలమైన గాలులు" అని రాస్తే "తేలికపాటి గాలులు" అవుతుంది. "భారీ వర్షం" అని రాస్తే "అక్కడక్కడా చిరుజల్లులు" అవుతుంది. అక్కడక్కడా అంటే ఎక్కడో ఆ దేవుడికే తెలియాలి! ఎవరు తడిసినా, ఎవరు తడవకపోయినా ఆఫీసుకి మాత్రం మచ్చ రాదు.

సారు నోట్లో నాలుక లేని మనిషి. దిద్దినదాని కింద బుద్ధిగా సంతకం పెట్టి ఇంటికొస్తాడు. పొద్దున కాఫీ తాగేటప్పుడు మాత్రం అసలు సంగతి పెళ్లాం చెవిన వేస్తాడు. "మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, పందిరి దించుకో" అనో, "ఇవాళ ఎండ మాడుస్తుంది, రెండుసార్లు తడుపు" అనో. ఆ ఇంట్లో దండెం మీద బట్ట తడిసిన పాపాన పోలేదు. ఆవిడ హస్తవాసి మంచిదని వీధిలో అందరూ మెచ్చుకునేవాళ్లు. డైరెక్టరు దిద్దుతాడని ఆవిడకీ తెలుసు. మొగుడు సణుగుతుంటే వింటూనే ఉంది. ఆ దిద్దుబాటు ఎన్నడూ ఆవిడ గడప తొక్కలేదు కనక దాని గురించి ఆలోచించే పని పడలేదు.

నారు బయటికి తీయాల్సిన రోజు దగ్గరపడింది. పందిరి కింద వెచ్చగా పెరిగిన మొక్కని ఉన్నపళాన పొలంలో నాటితే బతకదు. నాటే ముందు కొన్నాళ్లు ఆరుబయట పెట్టాలి, గాలికి ఊగాలి, ఎండకి కాస్త వాడాలి, అప్పుడు కాండం గట్టిపడుతుంది. ఏ రోజు తీయాలన్నదే ప్రాణం. అది తప్పితే ఏడాది కష్టం మట్టిపాలే.

"అక్కా, బావనొక్క మాట అడగరాదూ?" అంది చెల్లెలు.

"నేనా? చచ్చినా అడగను. రేడియో లేదూ?"

"నువ్వడక్కపోతే పోనీ, నేనడుగుతా."

"అడిగావో, నీతో కూడా మాటలుండవు. కాలక్షేపానికి సలహా ఎందుకటే?"

ఆ సాయంత్రం దుమ్ము తుడిచి మరీ రేడియో పెట్టుకున్నారు. చాలావరకు పొడి వాతావరణం, తేలికపాటి గాలులు, అక్కడక్కడా చిరుజల్లులు, ఉష్ణోగ్రతలు క్రమంగా పెరిగే అవకాశం అని తియ్యగా చదివిందో గొంతు. పక్కగదిలో సారు పేపరు అడ్డం పెట్టుకొని కూర్చున్నాడు. దగ్గాడు. అంతకంటే ఏమీ అనలేదు. మర్నాడు ఎండ ఫెళ్లున కాస్తుంటే అక్కచెల్లెళ్లిద్దరూ ట్రేలన్నీ మోసి పెరట్లో పరిచారు. పందిరి ప్లాస్టిక్ చుట్టి పక్కన పెట్టారు. పచ్చటి నారు అలా గాలికి తలలూపుతుంటే ఆవిడ కోపం కూడా సగం దిగిపోయింది.

మధ్యాహ్నం అన్నాలు తినడానికి కూర్చున్నారో లేదో, వంటింట్లో వెలుతురు పోయింది. దీపం ఆర్పినట్టు పోయింది. కిటికీలోంచి వచ్చే గాలి అప్పటిదాకా వేడిగా ఉన్నది కాస్తా చల్లబడి ఒళ్లు జలదరించింది. ఆవిడ ఎంగిలి చేత్తోనే పెరట్లోకి పరిగెత్తింది. అప్పటికే మొదటి ట్రేలు గాల్లోకి లేస్తున్నాయి.

"ప్లాస్టిక్ లాగవే! ఆ కొస పట్టుకో!"

"కొసే నన్ను పట్టుకుపోతోందక్కా!"

ప్లాస్టిక్ గుంజలకి చిక్కే లోపల వాన దిగింది. చినుకులు కావవి, చెంపదెబ్బలు. గోడ అవతల టైలరు ఇంటి రేకు ఒకటి ఊడి, ధనధనమని వీధిలో దొర్లుతూ పోయింది. లోపల అతని పసిపిల్ల గుక్కపట్టి ఏడవడం వినిపించింది. ఇద్దరూ చేతికందిన ట్రేలు వరండాలోకి విసిరినట్టే చేరవేశారు. వాన తెరిపిచ్చేసరికి పెరడంతా బురద, ఆ బురదలో నారు. ఏది మిరపో ఏది వంగో కూడా తెలియడం లేదు. నాలుగో వంతు మిగిలితే గొప్ప. చెల్లెలు అరుగు మీద కూలబడి ఏడ్చింది. ఆవిడకి ఏడుపు రాలేదు. కడుపు మండిపోతోంది.

అప్పుడు వచ్చాడు సారు. ఒంటి మీద రెయిన్‌కోటు, చేతిలో గొడుగు, కాళ్లకి రబ్బరు బూట్లు. పొద్దున ఎండ ఫెళ్లున కాస్తున్నప్పుడు ఇంట్లోంచి కదిలిన మనిషి, ఒక్క చుక్క తడి లేకుండా గుమ్మంలో నిలబడ్డాడు.

ఆవిడ గొడుగు వంక చూసింది. రెండు రోజుల మౌనం అక్కడ తెగింది.

"గొడుగు ఎవరు చెప్పారని పట్టుకెళ్లారు?"

సారు పెరట్లోకి చూశాడు. "అయ్యో, బయట పెట్టావా?"

"ఎవరు చెప్పారని పట్టుకెళ్లారు?"

"నువ్వు మాట్లాడట్లేదు కదా..."

"నేను మాట్లాడకపోతే మీ నోరు పడిపోయిందా? రేడియోలో తేలికపాటి గాలులన్నారు. రాసింది మీరు!"

"నేను అలా రాయలేదు. డైరెక్టరుగారు దిద్దారు. అయినా అది ఊరికి చెప్పేది. నువ్వు దాన్ని నమ్ముతావని నాకేం తెలుసు? నీకు నేనెప్పుడూ విడిగా చెప్తాను కదా!"

"ఎంత బాగా చెప్పావు బావా" అంది చెల్లెలు ముక్కు తుడుచుకుంటూ. "నమ్మినవాళ్లదే తప్పన్నమాట."

మొక్కలావిడ గోడ వైపు తిరిగింది. ఊరికి చెప్పేది. అవతల టైలరు నిచ్చెన వేస్తున్న చప్పుడు వినిపిస్తోంది. అరికాలి మంట నెత్తికెక్కింది, ఈసారి మిరప నారు కోసం కాదు.

సారు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. రాజీకి వచ్చినట్టే వచ్చాడు పాపం. "ఒక మాట. పొద్దుగూకాక చలి విరుచుకుపడుతుంది. మంచు కూడా పడొచ్చు. మిగిలినవన్నీ వంటింట్లోకి తెచ్చుకో."

"రేడియోలో ఏం చెప్తారు?"

"స్వల్ప తగ్గుదల అని."

ఆవిడ ఆయన మణికట్టు పట్టుకుంది. "పదండి."

"ఎక్కడికి?"

"వీధిలోకి. ఇప్పుడు నా చెవిలో ఊదింది అందరి ఇళ్లలోనూ చెప్పండి."

"నీకేమన్నా మతిపోయిందా? డైరెక్టరుకి తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే రండి, కాలక్షేపం చేద్దురుగాని."

బురద కాళ్లతో, తడి బట్టలతో, మొగుణ్ణి ఈడ్చుకుంటూ టైలరు ఇంటి ముందుకెళ్లింది. టైలరు నిచ్చెన మీద నిలబడి, రేకు ఊడిన చోట పరదా కడుతున్నాడు. లోపల అతని భార్య పాపని భుజాన వేసుకొని తిప్పుతోంది.

"రండి సారూ" అన్నాడు పైనుంచే. "చూశారా నా బతుకు! ఈ పూటకి ఈ పరదాతో సర్దుకుంటాం. పెద్ద చలేం లేదంటగా?"

సారు నీళ్లు నమిలాడు. "అంటే... కొంచెం... మోస్తరుగా..." ఆవిడ గోళ్లు మణికట్టులో దిగాయి. "లేదు. పరదా చాలదు. చాలా చలి పడుతుంది. పాపని మా ఇంటికి తీసుకురండి."

టైలరు చేతిలో తాడు ఆగిపోయింది. "రేడియోలో చెప్పలేదే?"

"చెప్పరు."

"మీకెప్పుడు తెలిసింది?"

"మధ్యాహ్నం."

"ఈ గాలి సంగతో?"

సారు తల దించుకున్నాడు. "నిన్న."

టైలరు ఒక్కో మెట్టే దిగాడు. అరవలేదు. సారుని వదిలేసి ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఆ కళ్లలో కోపం చూసి ఆవిడ మొగుడి చెయ్యి వదిలేసింది.

"ఇలాంటివి మీకు చెప్తుంటాడా అమ్మా?"

ఇవాళ చెప్పలేదు, నా నారంతా పోయింది, నేనూ మీలాగే మునిగాను అని నాలుక చివరిదాకా వచ్చింది. నిజమే కూడా. కానీ ఆ మనిషి అడిగింది ఇవాళ్టి సంగతి కాదు.

"రోజూ చెప్తాడు" అంది.

"మరి మీరెవరికి చెప్పారు?"

రెండు రోజులుగా ఊరబెట్టి పెంచుకున్న కోపం తీర్చుకోడానికి ఇప్పుడు మొగుడూ పనికిరాడు, డైరెక్టరూ పనికిరాడు, తను తప్ప ఎవరూ లేరు. టైలరు భార్య పాపని రెండు దుప్పట్లలో చుట్టుకొని బయటికొచ్చింది. "తర్వాత తిట్టుకోవచ్చు, ముందు పిల్ల సంగతి చూడు" అని మొగుడితో అని, వీళ్ల ముఖం కూడా చూడకుండా వీళ్లింటి వైపు నడిచింది. వరండాలోంచి చెల్లెలు ఎదురెళ్లి పాపని అందుకుంది.

పొద్దు గూకుతోంది. చలి అప్పుడే చెవుల్ని కొరుకుతోంది. వీధిలో ఇంకా బోలెడన్ని ఇళ్లు మిగిలే ఉన్నాయి. సారు వణుకుతూ, "నేను చెప్పనా?" అన్నాడు.

"మీరుండండి" అని, పక్కింటి తలుపు తనే కొట్టింది.