రెండో చిల్లు

"ఒక్క చిల్లు చాలంటున్నానా! రెండోది పెడితే చీమలకి నువ్వే పిలిచి పీట వేసినట్టు," అంది అత్తగారు, మేకుని కొంగున దాచుకుంటూ.

"ఒక్క చిల్లుతో నూనె ఏడుస్తూ వస్తుంది అత్తయ్యా. పొయ్యి మీద మూకుడు మాడిపోతోంది."

"ఏడవనీ. నువ్వు మంట తగ్గించు."

నూనె డబ్బా కొత్తది తెరిచినప్పుడల్లా వచ్చే తగవే ఇది. మూత లేని వస్తువంటే అత్తగారికి గిట్టదు. మూత ఉన్నా నమ్మకం చాలదు. పంచదార సీసా మూత మీద కవరు, కవరు మీద రబ్బరు బ్యాండు. టీవీ రిమోటుకి కవరు. ఆఖరికి గుమ్మం ముందున్న లారీకి కూడా, డీజిలు ట్యాంకు మూతకి మందపాటి ప్లాస్టిక్ కవరు తొడిగి, పాత సైకిలు ట్యూబు ముక్కతో బిగించి కట్టింది. కిందటి వానల్లో ట్యాంకులోకి నీళ్ళు దిగాయని, ఈసారి తొలి చినుకుకి ముందే ఆ ఏర్పాటు. కొడుకు ఎప్పుడు మూత తీసినా మళ్ళీ అలాగే కట్టాలి. కట్టకపోతే ఆ పూట ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

కోడలికి ఇవాళ వాదించే ఓపిక లేదు. సాయంత్రం పాత ఇనుము వ్యాపారి లారీని చూడ్డానికి వస్తున్నాడు. లారీ పోతే భర్త ఎక్కడో దూరాన కంపెనీ బండి తోలడానికి పోతానంటున్నాడు. ఆ ఉద్యోగంలో చేరినవాళ్ళు సొంత ఇంటికి చుట్టపుచూపుగా వస్తారు. పిల్లలు తండ్రిని ఫోనులో చూస్తూ పెరుగుతారు.

అది కాలం చేసిన మామగారు కొన్న లారీ. వయసు మీద పడ్డా మాట వినే బండే. ఈ వానలు మొదలైనప్పటి నుంచీ దానికి తిక్క పట్టుకుంది. ఇంటి దగ్గర బుద్ధిగా బయల్దేరుతుంది. ఊరు దాటి కాస్త దూరం పోగానే ఇంజను ఎక్కిళ్ళు పెడుతుంది, ఒళ్ళంతా వణుకుతుంది, ఆగిపోతుంది. డీజిలు ఎంతుందో చూపే ముల్లు ఏనాడో చచ్చిపోయింది కనక భర్త దిగి, మూత తీసి, కర్ర ముంచి చూస్తాడు. డీజిలు ఉంటుంది. ఇంజనుకి డీజిలు ఎక్కించే చేతి పంపు నాలుగు దెబ్బలు కొట్టి తాళం తిప్పితే, ఏమీ ఎరగనట్టు కదులుతుంది.

చెవి మేస్త్రి ఫిల్టర్లు మార్చాడు, పైపుల వాషర్లు మార్చాడు. స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకీ ఇంకో కొస చెవికీ ఆనించి రోగం చెప్తాడని ఆయనకా పేరు. ఆయన షెడ్డులో బండి పొద్దస్తమానం చక్కగా నడిచింది. రోడ్డెక్కగానే మళ్ళీ మొదటికొచ్చింది. ఇక ఇంజను విప్పాల్సిందేనని మేస్త్రి తేల్చాడు. విప్పించడం కన్నా వదిలించుకోవడం నయమని భర్త తేల్చుకున్నాడు.

కోడలు డబ్బా వంచింది. నూనె గుడగుడమని కాస్త పడి, సన్నబడి, ఆగిపోయింది. డబ్బా డొక్కలు లోపలికి పీక్కుపోయాయి. విసుగ్గా నిటారుగా పెట్టింది. ఆ ఒక్క చిల్లులోంచే సుయ్‌మని గాలి పీల్చుకుని, డొక్కలు టక్కున పొంగాయి.

ఆ చప్పుడు ఆమె నిన్ననే విన్నది. తను పక్కన కూర్చుని వస్తుండగా బండి ఆగినప్పుడు, భర్త కవరు విప్పగానే, ట్యాంకు మూతలోంచి. అచ్చం ఇదే.

పొయ్యి ఆర్పేసి బయటికి నడిచింది. వ్యాపారి ముందు పరువు పోకూడదని కాబోలు, భర్త లారీ కడుగుతున్నాడు.

"ఏవండీ, దీన్ని అమ్మకండి. దీనికి ఊపిరాడటం లేదు, అంతే."

"వంటింటి పొగ నీకెక్కిందా, బండికెక్కిందా?"

"వెటకారం తర్వాత. షెడ్డులో నడిపినప్పుడు మూతకి ఈ కవరు ఉందా?"

భర్త పైపు పక్కన పెట్టాడు. "లేదు. డీజిలు పోసి మేస్త్రి బాబాయి పక్కన పడేశాడు. వచ్చేటప్పుడు నేనే కట్టా. అమ్మ సంగతి తెలుసుగా."

"మరి దారిలో ఆగినప్పుడు ముందు చేసే పనేంటి?"

"మూత తీసి..." అని ఆగిపోయాడు.

"అదీ మందు. పంపు కాదు."

కబురందుకుని వచ్చిన మేస్త్రి మూత తిప్పి చూశాడు. "నిజమే అమ్మాయ్. మధ్యలో సూదంత చిల్లుంటుంది, డీజిలు తగ్గేకొద్దీ లోపలికి గాలి పోవడానికి. దాన్ని కవరుతో మూసేశారు. కవరు తీసేస్తే సరి."

"సరే అనుకుంటే చాలదు బాబాయ్, తేలాలి. ముందు కవరుతోనే పోదాం. మొరాయించాక కవరొక్కటే తీద్దాం. ఇంకేదీ ముట్టుకోవద్దు."

అత్తగారు అప్పటికే చెప్పులేసుకుంది. "నేరం నా మీద మోపి నన్నొదిలేసి పోతారా? జరగండి!"

నలుగురూ ఇరుక్కుని కూర్చున్నారు. ఊరు దాటాక, రోజూలాగే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. భర్త పక్కకి తీశాడు. ఇంజను చచ్చీ చావనట్టు కొట్టుకుంటోంది. కోడలు గబుక్కున దిగి ట్యూబు ముడి లాగింది. సుయ్‌మంది. రెండు మూడు సార్లు దగ్గి, ఇంజను నిలదొక్కుకుంది.

"ఒకసారి జరిగింది కాకతాళీయం," అంటూ ఆమె మళ్ళీ కట్టించింది. మరికాస్త దూరంలో మళ్ళీ ఎక్కిళ్ళు. మళ్ళీ విప్పింది. మళ్ళీ ఊపిరి. ఆ తర్వాత కవరు లేకుండా పక్కూరి దాకా పోయి తిరిగొస్తే, బండి ఒక్క దగ్గు దగ్గలేదు.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది," అని మేస్త్రి తొడ చరుచుకున్నాడు. "గుండె మీద చెవి పెట్టాను గాని, ముక్కు మూశారని చూసుకోలేదు!"

అత్తగారు విప్పిన కవరుని మడతపెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "మళ్ళీ నీళ్ళు దిగితే? ఆయన బండి. తడవనిస్తానా?"

"గొడుగు పడదాం వదినా. గొంతు పిసకొద్దు," అన్నాడు మేస్త్రి. షెడ్డు దగ్గర ఆపించి, రేకు ముక్క వంచి, మూతకి పైన సందు వదిలి చూరులా బిగించాడు. అత్తగారు మగ్గుతో నీళ్ళు పోసి, ఒక్క చుక్కా మూత మీద పడలేదని చూసుకున్నాకే కదలనిచ్చింది.

ఇంటికొచ్చేసరికి వ్యాపారి గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. భర్త అతన్ని వీధి చివరిదాకా తీసుకుపోయి ఏదో మాట్లాడి వచ్చాడు. ఏం మాట్లాడాడో చెప్పలేదు. కోడలు అడగలేదు. బండి రోగం తను కనిపెట్టింది, ఉండేదీ పోయేదీ ఆయనే చెప్పాలి. వంటింట్లోకి వెళ్తే నూనె డబ్బా మీద మేకు, పక్కనే సుత్తి పెట్టి ఉన్నాయి. అత్తగారు మాత్రం పిల్లలకి కంచాలు పెట్టడంలో తెగ హడావిడిగా ఉంది.

అందరూ భోజనాలకి కూర్చున్నారు. సగం తిన్నాక భర్త, కంచంలోంచి తలెత్తకుండానే అన్నాడు.

"ఆ కంపెనీ వాళ్ళకి రానని చెప్పేశా. రేపు పొద్దున ఇటుకల లోడుంది, సాయంత్రానికి ఇంట్లో ఉంటా."