గురువారం సరుకులు

మా ఆయన స్టైనార్ రిటైరై ఇంట్లో కూర్చున్న నెలకే, ఇకమీదట సరుకులు నేనే తెస్తానన్నాడు. నలభై ఏళ్ళ కాపురంలో పాల డబ్బా ఎంతో తెలియని మనిషి! పోనీలే, బుద్ధొచ్చింది అనుకుని సంబరపడ్డాను. ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. చూస్తుండగానే మా తిండి ఖర్చు సగానికి సగం పడిపోయింది. తిండి మాత్రం తగ్గలేదు. ఆదివారం వస్తే పంది పక్కటెముకలు, మధ్యలో గొర్రె మాంసం, జున్ను అయితే గడ్డలు గడ్డలు. నార్వేలో ఎవరికండీ ఈ యోగం? మా దేశంలో మాంసం కొట్టుకెళ్ళి ధర చూస్తే శాకాహారం మీద భక్తి పుట్టుకొస్తుంది.

"ఎక్కడివి ఇవన్నీ?" అని అడిగాను.

"తగ్గింపు ధరల్లో పట్టాను," అన్నాడు బంగాళాదుంపల మీంచి కళ్ళెత్తకుండా.

నా చెవిలో పువ్వులు పెడుతున్నాడు! ఊరంతటికీ ఉన్నది ఒక్క కొట్టు. మా నాన్న పెట్టింది, ఇప్పుడు మా అన్నయ్య ఒడ్వార్ నడుపుతున్నాడు, గురువారం ఒక్కరోజే సెలవు. అక్కడ ఏ వస్తువు ఏ రోజు తగ్గుతుందో నాకు తెలియకుండా పోదు. కొట్టును కాపాడుకునే సంఘానికి అధ్యక్షురాలిని నేనే మరి. వంతెన దాటి గంట ప్రయాణం చేస్తే స్వీడన్. అక్కడ అన్నీ చవక. జనం బండ్లు కట్టుకుని పోతారు. అక్కడి కొట్లో ఎదురుపడితే ఒకరినొకరు చూడనట్టు అరల్లోకి చూస్తూ తప్పుకుంటారు. ఆ పోకడ ఆపాలనే నా పోరాటమంతా. పక్కింటి ఓస్లెగ్ చెత్తబుట్టలో స్వీడన్ బేకన్ కవరు కనబడిందని సంఘం సమావేశంలో అందరి ముందూ నిలదీశాను. పాపం అనుకోలేదు. ఊళ్ళో కొట్టు మూతపడితే రేపు ముసలితనంలో ఉప్పు కోసం ఎక్కడికి పోతాం?

మా ఆయన తెచ్చే మాంసం మీద కంపెనీ చీటీ ఉండదు. చక్కగా విప్పేసి, తెల్ల సంచుల్లో కట్టి ఫ్రీజర్లో పెడతాడు. ప్రతి గురువారం పొద్దున్నే కారు తీస్తాడు. నేనూ వస్తానంటే, "వద్దులే, నీ నడుం నొప్పి," అంటాడు. నా నడుం మీద ఈ మనిషికి ఎన్నడూ లేని ప్రేమ!

ఒక గురువారం తెల్లారి వంటింట్లో ఆయన దారిలో తినడానికి రొట్టె ముక్కలు కట్టుకుంటుంటే తలుపు సందులోంచి చూశాను. కట్టింది రెండు పొట్లాలు. రెండోదాంట్లో రొట్టెకి రాసిన కాలేయం ముద్ద మీద ఊరేసిన దోసకాయ ముక్కలు పేర్చాడు. స్టైనార్ అయితే ఊరేసిన దోసకాయ వాసనకే ఆమడ దూరం పరిగెత్తే మనిషి. ఎవరికోసం ఆ ముచ్చట? అరవై ఏడేళ్ళకి, దేవుడా, ఈ మనిషికి ఇదేం పోయేకాలం!

అన్నయ్య దగ్గరికెళ్ళి కూపీ లాగాను. "స్టైనార్ నీ కొట్లో ఏం కొంటున్నాడు అన్నయ్యా?"

"అదీ ఇదీ," అన్నాడు డబ్బాలు సర్దుతూ.

బేరాలు తగ్గాయని రోజూ నిట్టూర్చే మనిషి, సొంత చెల్లెలింటి బేరం సగం పడిపోతే నోరెత్తడే! ఆయన రహస్యం ఈయనకీ తెలుసన్నమాట. మగాళ్ళు మగాళ్ళు ఒక్కటయ్యారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

మరుసటి గురువారం స్టైనార్ కారు మలుపు తిరగగానే ఓస్లెగ్ తలుపు కొట్టాను. విషయం చెప్పాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"బేకన్ కవరు కోసం నన్ను దొంగలా నిలబెట్టావే ఊరి ముందు. ఇప్పుడు నీ మొగుడి వెంట పడడానికి నా కారు కావాలా?"

"కావాలి."

"ఎక్కు మరి. ఎలాగూ నాకు బేకన్ అయిపోయింది."

మేం అనుమానించినట్టే ఆయన వంతెన దాటాడు. ఓస్లెగ్ కిసుక్కున నవ్వింది. "అధ్యక్షురాలి మొగుడు స్వీడన్లో! ఇది చూడ్డానికి పెట్రోలు డబ్బులు నేనే ఇస్తానే!" స్వీడన్ బేకన్ కాదు, స్వీడన్ ఆడదేమో అన్నదే నా బెంగ.

బజారు ముందు కార్లు నిలిపే మైదానంలో స్టైనార్ కనబడ్డాడు. బండి నిండా మాంసం, జున్ను. పక్కన ఇంకో బండి తోస్తూ ఇంకో ఆకారం, టోపీ కళ్ళ దాకా దించుకుని, మెడకు శాలువా చుట్టుకుని. నేను ఆగలేదు. పరిగెత్తుకెళ్ళి ఆ టోపీ లాగేశాను.

అన్నయ్య!

మా ఊళ్ళో అందరికీ అన్నం పెట్టే కొట్టు యజమాని, స్వీడన్ పంది మాంసం బండి పట్టుకుని తలవంచుకుని నిలబడ్డాడు. ఓస్లెగ్ నవ్వు ఆగిపోయింది.

"నువ్వా అన్నయ్యా? నువ్వే ఇక్కడ కొంటే ఊళ్ళోవాళ్ళని నేనేమనాలి?"

"నాకు టోకున పడే ధర కంటే ఇక్కడ చిల్లర ధర తక్కువే, గూడ్రున్. నా కొట్లో సరుకు కొనుక్కుని తినే స్తోమత నాకే లేదు."

"మరి ఆ కొట్టు ఎలా నడుస్తోంది?"

స్టైనార్ అందుకున్నాడు. "బావ పెన్షనంతా దాంట్లోనే పోస్తున్నాడు. రెండేళ్ళుగా. తిండికి మిగలక చిక్కిపోతుంటే నేనే లాక్కొచ్చాను. పెట్రోలు ఇద్దరం పంచుకుంటాం. పొట్లం ఇంటినుంచి నేను తెస్తాను."

"పెన్షన్ పోయడమేంటి? మూసెయ్యొచ్చుగా!"

అన్నయ్య అప్పుడు నా మొహంలోకి చూశాడు. "ఎలా మూసేదే? ప్రతి ఏడూ చెబుదామనుకుంటాను. ప్రతి ఏడూ నువ్వు కేకు చేసుకుని, కొట్టు మూయొద్దని ఊరివాళ్ళ సంతకాలు పట్టుకుని వస్తావు. నాన్న కొట్టు నిలబడుతుందన్నయ్యా అంటావు. నీ మొహం చూసి నోరు పెగిలేది కాదు."

ఇన్నాళ్ళూ ఆ మండిపోయే ధరకు జున్ను కొన్నది ఎవరికోసం? అన్నయ్య కోసం. కొట్టు పోతే ఈ మనిషి ఏమైపోతాడోనని. ఆ మనిషేమో నాకోసం షట్టరు ఎత్తుతూ, టోపీ కింద మొహం దాచుకుని పరాయి దేశంలో తిండి కొనుక్కుంటున్నాడు. అన్నయ్యని నిలబెడుతున్నాననుకున్నాను. నిలువునా తినేస్తున్నాను.

"మూసెయ్యి అన్నయ్యా," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు. గట్టిగా మళ్ళీ అన్నాను. "మూసెయ్యి. ఊరికి నేను చెప్పుకుంటాను."

"నిజంగానా?" అన్నాడు.

నిజంగానే అన్నాను. ఏడుస్తాడేమో, పట్టుకోవాలేమో అని రెండడుగులు ముందుకేశాను. కానీ అన్నయ్య కారు బానెట్ మీద కూలబడి హాయిగా, గట్టిగా నవ్వాడు. అలా నవ్వి ఎన్నేళ్ళయిందో. ఏడ్చింది నేను.