అంకమ్మ గారి పేరున్న డబ్బా

నేను ఒక స్టీలు డబ్బాను. నన్ను రోజూ తెరిచే సత్యవేణికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. మూడేళ్ల కూతురు హారికకు తండ్రి ముఖం గుర్తుండే వయసు రాకముందే ఆయన పోతాడేమోనని. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. నా మూత తీసేటప్పుడల్లా తనలో తనే గొణుక్కుంటుంది కాబట్టి నాకు తెలుసు.

నేను రేకుగా పుట్టాను. యంత్రం కింద ఒక్క దెబ్బకు గుండ్రంగా అయ్యాను. చీరాలలో గిన్నెల కొట్టువాడు సూది మిషన్‌తో నా పొట్ట మీద 'బి. అంకమ్మ' అని చెక్కాడు. ఆ రోజు నుంచి ఎంత పీచు పెట్టి తోమినా ఆ అక్షరం చెరగలేదు. మొదట నాలో జంతికలు పోశారు. సత్యవేణి అత్తగారు అంకమ్మకు పళ్లు కదిలాక మందుల డబ్బానయ్యాను.

ఆ నేతపనివాళ్ల ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒకరికి నప్పిన మందు అందరికీ నప్పుతుంది. పెద్దకొడుకు కళ్ల చుక్కలు చిన్నకొడుక్కి వేస్తారు. కోడలి దగ్గు మందు అత్తగారు తాగుతుంది. మనుషులు చెప్పులు మాత్రం ఎవరివి వాళ్లే వేసుకుంటారు. మందులకు ఆపాటి మర్యాద లేదు.

పెద్దకొడుకు నాగభూషణానికి కాలేయంలో కొవ్వు చేరింది. డాక్టరు ఇ విటమిన్ రాశాడు. ఏడాదికి రిపోర్టు బాగా వచ్చింది. ఆ మధ్యలోనే చిన్నకొడుకు, సత్యవేణి భర్త వీరరాఘవులుకు కూడా స్కానింగ్‌లో అదే కనిపించింది. అంకమ్మ డాక్టరు దాకా పోనివ్వలేదు. నా మూత తీసి, పెద్దవాడి పట్టీలోంచే ఒక గోళీ చిన్నవాడి చేతిలో పెట్టింది. పట్టీలు అయిపోతే మందుల షాపులో అవే తెప్పించింది.

ఏడాది గడిచింది. వీరరాఘవులుకు మగ్గం గుంటలోంచి లేవడమే కష్టమైంది. మళ్లీ స్కానింగ్ తీయిస్తే కొవ్వు తగ్గకపోగా కాలేయం గట్టిపడిందన్నారు.

"చుక్క ముట్టనోడికి లివరు జబ్బేందిరా!" అని పక్కింటివాళ్లు నవ్వారు. అంకమ్మ నవ్వలేదు, కోడలి మీద పడింది.

"ఇద్దరూ నా కడుపునే పుట్టారు. అదే గోళీ. పెద్దోడికి తగ్గి చిన్నోడికి ఎందుకు తగ్గదే? కూరల్లో నూనె గుమ్మరిస్తన్నావ్ నువ్వు!"

"చెంచాతో కొలిచి పోస్తన్నా అత్తమ్మా. హారిక మీద ఒట్టు."

"అయితే గోళీలు ఎగ్గొడతన్నాడు."

"నా చేత్తో నేనే మింగిస్తన్నా."

మర్నాడు పొద్దున్నే సత్యవేణి నన్ను సంచిలో వేసుకుని, భర్తను వెంటబెట్టుకుని గుంటూరు బస్సెక్కింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల, డాక్టరు ముందు నన్ను బోర్లించింది.

ఆయన నవ్వాడు. "ఇది డబ్బానా అమ్మా, మందుల షాపా? ఈ విటమిన్ ఎవరికి రాశారు?"

"మా బావగారికండీ."

"మరి ఈయనకెవరు రాశారు?"

సత్యవేణి తల దించుకుంది. "మా అత్తమ్మండీ."

అప్పుడాయన నవ్వు ఆపి చెప్పాడు. రక్తంలో ఒక ప్రొటీన్ ఉంటుందట. అది ఏ రకమో తల్లి ఇచ్చే జన్యువు ఒకటి, తండ్రి ఇచ్చేది ఒకటి కలిసి నిర్ణయిస్తాయి. అన్నదమ్ములకైనా ఒకే రకం రావాలని లేదు. ఒక రకంవాళ్లకు ఈ విటమిన్ ఎక్కువ మేలు చేస్తున్నట్టు కొన్ని పరిశోధనల్లో కనిపించిందట, ఇంకా పూర్తిగా తేలలేదట.

"ఎవరిది ఏ రకమో తేల్చే పరీక్ష ఇక్కడ మామూలుగా చెయ్యరు. మీ ఆయనకు పనిచెయ్యలేదని మాత్రం స్కానింగే చెబుతోంది. ఇది ఆపేద్దాం. బరువు తగ్గాలి, రోజూ నడవాలి, మూడు నెలలకోసారి నాకు కనిపించాలి. ఇంకా చెయ్యి దాటిపోలేదమ్మా."

ఆ చివరి మాటకు సత్యవేణి అక్కడే ఏడ్చేసింది. ఇంటికొచ్చాక మాత్రం ఏడవలేదు. నాలోంచి భర్త గోళీలన్నీ ఏరి పారేసింది.

"నా పేరున్న డబ్బా మీద నీ పెత్తనమేందే?" అంది అంకమ్మ.

"పేరు మీదే అత్తమ్మా, ఎంత తోమినా పోదు. మనిషికీ అట్టా లోపల చెక్కే పంపిస్తారంట. బావగారికి చెక్కింది వేరు, ఈయనకు చెక్కింది వేరు. నా నూనె చెంచాను ఇంకోసారి ఆడిపోసుకున్నారో, మిమ్మల్నే గుంటూరు తీసుకుపోయి ఆ డాక్టరు ముందు కూచోబెడతా."

నాగభూషణం మగ్గం ఆపాడు. "ఆ పిల్ల చెప్పింది నిజమేనే అమ్మా," అన్నాడు.

సత్యవేణి గాయాలకు వేసే ప్లాస్టర్ ముక్క చించి, దాని మీద 'బావగారివి మాత్రమే' అని రాసి నా మూతకు అంటించింది. అక్షరాలు వంకరగా ఉన్నాయి. అయితేనేం, నేను చచ్చినా ఊడనివ్వను.

ఒక్కటే దిగులు. మాకు తెలివి రాకముందు వీరరాఘవులు అక్క వీరమణి పండక్కొచ్చి, "నాకూ కొవ్వుందన్నారే అమ్మా" అని నాలోంచి మూడు పట్టీలు పట్టుకెళ్లింది. ఆమె రకమేదో ఎవరికి తెలుసు? సత్యవేణి పది రోజులుగా ఫోన్ చేస్తూనే ఉంది, ఆమె ఎత్తడం లేదు. నాకు కాళ్లు లేవు, మీకున్నాయి. రేపల్లె వైపు వెళితే, స్టేషన్ వెనక జాకెట్లు కుట్టే వీరమణి ఇల్లు అడగండి. ఎట్లా ఉందో చూసి, ఆ గోళీలు నీకెవరు రాశారమ్మా అని ఒక్కమాట అడిగి రండి.