మాట అందేంత దూరంలో

మంగాదేవి ఎడమచేతిని జోన్ భుజం కిందికి, కుడిచేతిని తుంటి కిందికి పోనిచ్చి, తన మోకాలిని మంచం అంచుకు ఆనించి, ఒక్క ఊపులో ఆమెను కిటికీ వైపు ఒత్తిగిలి పడుకునేలా తిప్పింది. జోన్ ఒంట్లో ఇప్పుడు బరువంటూ ఏమీ మిగల్లేదు. అయినా మంచంలో ఉన్న మనిషిని తిప్పడానికి బలం కన్నా పట్టు ముఖ్యం. ఆ పట్టు మంగాదేవి చేతులకు ఎప్పుడో అబ్బింది. వీపు వెనక ఒక దిండు దోపి, మోకాళ్ల మధ్య మరొకటి ఇరికించి, మడమలు పరుపుకు ఒరుసుకోకుండా పిక్కల కింద తువ్వాలు మడిచి పెట్టింది. కిటికీ అవతల, ఆక్లాండ్ శివారు టకానినిలో, ఇళ్ల పైకప్పుల మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. సిటీకి వెళ్లే రైలు గేటు దాటిన చప్పుడు వినిపించింది.

మంగాదేవి పొట్టి మనిషి. మణికట్లు వెడల్పు, వేళ్లు మొద్దువి. నెరిసిన జుట్టును బిగించి ముడి వేసుకుంటుంది. నీలంరంగు యూనిఫాంలో ఉన్నప్పుడు, ముక్కుకి ఉన్న ఒంటిరాయి ముక్కుపుడక మాత్రమే ఆవిడ ఊరిని చెబుతుంది. ఊరు రేపల్లె దగ్గర. ఏసీల మెకానిక్ అయిన భర్త కృష్ణారావుతో ఈ దేశం వచ్చినప్పుడు ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రం. ఈ రెస్ట్‌హోమ్‌లో ముసలివాళ్లకి స్నానాలు చేయించీ అన్నాలు తినిపించీ నేర్చుకుంది. అందుకే ఆమె ఇంగ్లీషులో ముసలివాళ్ల మాటలు ఎక్కువ. పడుచుపిల్లలతో మాట్లాడినా "మై డియర్" అంటుంది.

ఆమెకి ఇంకో పని కూడా ఉంది. దాని గురించి ఇక్కడ తెలిసింది జోన్‌కి ఒక్కదానికే.

ఆక్లాండ్ తెలుగువాళ్లు ఏటా చలికాలంలో ఒక నాటకం వేస్తారు. ఆఫీసులూ పిల్లలూ ట్రాఫిక్కూ చూసుకుంటూ, వారాంతాల్లో ఎవరో ఒకరి గరాజ్‌లో రిహార్సల్స్ వేసుకునే నాటకం. మొదట్లో కృష్ణారావు వేషాలు వేసేవాడు. ఒక్కతే ఇంట్లో కూర్చోవడం ఎందుకని మంగాదేవి వెంట వెళ్లేది. ఒకసారి ప్రాంప్టింగ్ చెప్పే మనిషి రాకపోతే స్క్రిప్టు ఆమె చేతిలో పెట్టారు. తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్లకి మాట అందించడం. అంతే కదా అనుకుంది. తీరా ఆట రోజున, భార్య పోయిన కబురు విని కథానాయకుడు మౌనంగా నిలబడితే, పాపం మరిచిపోయాడనుకుని గట్టిగా అందించేసింది. ముందువరసలో వాళ్లు నవ్వారు. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ నటుడు ఆమె వైపు చూడలేదు.

కొన్నాళ్లకి ఈ సంగతి జోన్ తల దువ్వుతూ మాటల్లో చెప్పింది. జోన్ అద్దంలోంచి ఆమె వంక చూసి, పొట్ట పట్టుకుని నవ్వింది. తరనాకి అనే ప్రాంతంలో ఒక చిన్న ఊళ్లో పోస్టాఫీసులో పని చేసేదట జోన్. పెళ్లి చేసుకోలేదు. సాయంత్రాలు ఆ ఊరి నాటక సమాజంలో ఉద్యోగమున్నంత కాలమూ ప్రాంప్టర్‌గా ఉంది. స్టేజి మీదికి ఒక్కసారి కూడా వెళ్లలేదు. వెళ్లాలని అనిపించలేదనీ చెప్పింది.

"మొహం చూడకు," అంది జోన్ ఆ రోజు. "మొహం అబద్ధం చెబుతుంది. దాని పనే అది. కాళ్లు చూడు. మాట మనసులో ఉన్నవాడి కాళ్లు నేలని పట్టుకుని ఉంటాయి. మాట పోయినవాడి మడమలు కదులుతాయి."

ఆ తర్వాత స్నానాల వేళా, మందుల వేళా, ఒక్కో ముక్కా వచ్చింది. పూర్తి వాక్యం ఇవ్వకూడదు, మొదటి మాట ఒక్కటే ఇవ్వాలి. గుసగుస పనికిరాదు, గుసగుస చివరి వరసదాకా పోతుంది. గొంతు తగ్గించి మామూలుగానే పలకాలి. నటుడు ఏ స్వరంలో ఆపాడో ఆ స్వరంలోనే అందించాలి. మంగాదేవి ఇవన్నీ గరాజ్‌లో పరీక్షించి చూసి, సోమవారం వచ్చి ఫలితం చెప్పేది. జోన్ పరీక్ష పేపర్లు దిద్దే టీచరులాగా తల పంకించేది.

రెండేళ్ల కిందట జోన్‌కి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి గానీ మాటలు చెదిరిపోయాయి. తినేటప్పుడు చెంచా అనే మాట దొరకదు, కిటికీ అనే మాట దొరకదు. కొత్తగా వచ్చిన నర్సులు కంగారుపడి పది మాటలు గబగబా అందించేవాళ్లు. జోన్‌కి కోపం వచ్చి కప్పు నెట్టేసేది. మంగాదేవి మాత్రం చేతిలో పని ఆపి, దుప్పటి చివర జోన్ పాదాల వంక చూస్తూ ఊరుకునేది. అవి కదలకపోతే ఎంతసేపైనా ఆగేది. కదిలితే ఒక్క మాట ఇచ్చేది. చాలామట్టుకు జోన్ వెతికే మాట అదే అయ్యేది.

ఈ ఉదయం జోన్ పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు. మంగాదేవి తడి స్పాంజితో పెదవులు అద్ది, చెవి దగ్గరికి వంగింది.

"జోన్, నాటకం ఇవాళే. నేను ప్రాంప్టింగ్ కాదు, వేషం వేస్తున్నాను. చెప్పాను గుర్తుందా? పడవవాళ్ల ముసలమ్మ."

ఆ వేషం వెయ్యాల్సినావిడ కూతురి పురిటికని హైదరాబాద్ వెళ్లిపోయింది. దర్శకుడు రవిచంద్ర ఫోన్ చేసి మొహమాటంగా అడిగితే, మంగాదేవి ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "చేస్తాను బాబూ" అంది. అందరి మాటలూ వచ్చినదానికి ఒక మనిషి మాటలు ఎంతసేపు!

జోన్ కళ్లు తెరిచింది. లేతనీలం కళ్లు, ఇప్పుడు కొంచెం పాలు కలిసినట్టున్నాయి.

"డోంట్..." అంది. ఆగింది.

మంగాదేవి ఆగింది. దుప్పటి కింద పాదాలు కదల్లేదు. బయట ఎవరో కారు అద్దం మీద మంచు గీకుతున్నారు. జోన్ గొంతు ఒకసారి పైకీ కిందికీ ఆడింది. అప్పుడు ఎడమ మడమ మెల్లిగా పరుపుని రాసింది.

"హర్రీ?" అంది మంగాదేవి, అదే స్వరంలో.

జోన్ కళ్లు మూసుకుని, అవునన్నట్టు గడ్డం కొంచెం దించింది. తొందరపడకు.

షిఫ్టు అయిపోయే వేళకి సమోవా నర్సు సినా గది గుమ్మం దగ్గర కనబడింది. భారీ మనిషి, అడుగు చప్పుడు కాకుండా నడుస్తుంది. జోన్ చెయ్యి పట్టుకుని చూసి, మంగాదేవిని వరండాలోకి పిలిచింది.

"ఇవాళో రేపో," అంది. "మేనకోడలికి ఫోన్ చేశాను, రేపు పొద్దున వస్తుందట. రాత్రికి నేనుంటాను. నీకేదో ఫంక్షన్ ఉందన్నావుగా?"

"ఉంది."

"ఉండాలనుంటే ఉండు. ఎవరూ ఏమీ అనరు."

మంగాదేవి మళ్లీ గదిలోకి వెళ్లింది. ఇలాంటి ఊపిరి ఆమె చాలా చూసింది. లోపలికి ఒకటి, చాలాసేపటికి బయటికి ఒకటి. ఇక్కడ కూర్చుని తను చేసేది ఏమీ లేదు, చెయ్యి పట్టుకోవడం తప్ప. చెయ్యి పట్టుకోవడం సినాకి తన కన్నా బాగా వచ్చు. అక్కడ ఆట ఆపి, ఇక్కడ మంచం పక్కన కూర్చున్నానని తెలిస్తే ఈ ముసలిది లేచి కప్పు విసిరినా విసురుతుంది. ఆ ఊహకి మంగాదేవికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. జోన్ నుదుటి మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఉంచి, వెనక్కి చూడకుండా వచ్చేసింది.

కృష్ణారావు కారు స్టార్ట్ చేసే ఉంచాడు. మోకాళ్ల నొప్పులొచ్చాక వేషాలు మానేసి, నాటకానికి వచ్చినవాళ్లకి టీలు కాచే పని పెట్టుకున్నాడు. వెనకసీట్లో పాలడబ్బాలూ అల్లమూ ఉన్నాయి.

"మీ దొరసానమ్మ ఎలా ఉంది?"

"వెళ్లిపోతోందండీ."

అతను గేరు మార్చబోయి ఆగాడు. "మరి ఉంటావా?"

"వద్దు. పోనివ్వండి. మేకప్‌కి టైమవుతోంది."

మోటర్‌వే ఎక్కాక అతను రేడియో కట్టేశాడు. నాటకం వేసే ఫ్లాట్ బుష్ చేరేదాకా ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి.

స్కూలు హాల్లో కుర్చీలు వేస్తున్నారు. రవిచంద్ర చెమటలు కక్కుతూ అటూ ఇటూ పరిగెడుతున్నాడు. నాటకం అతను రాసిందే. గోదావరి మీద కొత్త వంతెన కడతారు. రేవులో తరతరాలుగా పడవ నడిపిన ఇంటి ముసలమ్మని, వంతెన మీద మొట్టమొదట నువ్వే నడవాలని ఇంజనీరు వచ్చి అడుగుతాడు. ఇంజనీరు వేషం దుర్గేష్‌ది. కుర్రాడు బాగా చేస్తాడు గానీ ఎదుటివాళ్లు తడబడితే తనూ తడబడతాడు.

ప్రాంప్టింగ్ నిరుపమకి అప్పజెప్పింది మంగాదేవే. నిరుపమ రవిచంద్ర భార్య. సిటీలో ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని చేస్తుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే పూర్తిగా వినే మనిషి. అలాంటివాళ్లు గ్రూపులో ఆమె ఒక్కతే. నెల్లాళ్లుగా పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. ఇప్పుడు ఆమె స్క్రిప్టు గుండెలకి హత్తుకుని తెర పక్కన నిలబడి ఉంది.

"ఆంటీ, నాకు భయంగా ఉంది. మీరైతే చూడకుండానే చెప్పేస్తారు. నేను టూ ఎర్లీగా ఇచ్చేస్తే?"

"నేనూ ఇచ్చాను ఒకప్పుడు. కొంపేం మునగలేదు." మంగాదేవి నేతచీర కుచ్చిళ్లు ఎగదోపుకుంటూ అంది. "అమ్మాయ్, నువ్వు కాగితం చదవడానికి కాదు ఇక్కడున్నది. ఎక్కడ చూడాలి?"

"కాళ్లు."

"ఎవరివైనా?"

"ఎవరివైనా."

"నావి కూడా. పెద్దదాన్ని, నాకెలా చెప్పాలీ అని మొహమాటపడ్డావంటే ఊరుకోను."

నిరుపమ నవ్వింది. స్క్రిప్టు గుండెల మీంచి దించి మొదటి పేజీ తెరిచింది.

తెర లేచింది. మొదటి రంగంలో మంగాదేవి చుట్టూ చీకటి, ఎదురుగా వెలుగు. ఇన్నేళ్లూ పక్కనుంచి చూసిన చోటు ఎదురునుంచి వేరేలా ఉంది. జనం మొహాలు కనబడవు, ఊపిరి మాత్రం వినబడుతుంది. కాళ్ల కింద చెక్క కొంచెం మెత్తగా ఉంది. ఆమె ఉత్త పాదాలతో దాన్ని పట్టుకుని నిలబడింది. మొదటి మాట బయటికి రాగానే, ఆ గొంతు తనదేనా అనిపించింది. తనదే. జబ్బు మనుషుల్ని నిద్ర లేపే గొంతు, హాలు చివరిదాకా హాయిగా వెళ్లింది.

ఆఖరి రంగంలో దుర్గేష్ చేతులు కట్టుకుని అడిగాడు. "అందరికన్నా ముందు నువ్వే దాటాలమ్మా. వస్తావా?"

ముసలమ్మ వెంటనే జవాబు చెప్పదు. నది వంక చూస్తుంది. మంగాదేవి చూసింది. ఎదురుగా చీకటిలో నది ఉందనుకుంది, నిజంగానే ఉంది. హాల్లో ఎవరో చిన్నపిల్లాడు ఏదో అడగబోతే తల్లి నోరు మూసింది. దుర్గేష్ కళ్లలో కంగారు మొదలైంది. తెర పక్క రవిచంద్ర చెయ్యి నిరుపమ భుజం మీద పడడం మంగాదేవికి ఓరకంట కనిపించింది. ఇవ్వు, ఇవ్వు, అంటోంది ఆ చెయ్యి. నిరుపమ ఇవ్వలేదు. కింద, మంగాదేవి పాదాల వైపే చూస్తోంది.

"నేను పడవలోనే వస్తాను బాబూ," అంది ముసలమ్మ చివరికి. "మీరు వంతెన మీద నడవండి."

ఆ తర్వాత ఇంకో మాట ఉంది. అది లేదు.

ఇందాకటి మౌనం వేరు, ఇది వేరు. ఇందులో నది లేదు, పట్టు లేదు, తెల్లగా ఖాళీగా ఉంది. ఎన్ని వందలసార్లు ఎంతమందికి ఇచ్చింది మాటలు! ఒక్కటి, ఒక్కటి దొరకదేం? అరికాలి కింద చెక్క జారినట్టయింది. మడమ కదిలిందని ఆమెకే తెలిసింది.

"అవతల," అంది పక్కనుంచి ఒక గొంతు. గుసగుస కాదు. మెల్లగా, మామూలుగా, సరిగ్గా తను ఆపిన స్వరంలో.

మంచంలోంచి లేవలేని మనిషి వీపు కిందికి ఒక చెయ్యి వచ్చి ఆనుకున్నట్టు అనిపించింది మంగాదేవికి. ఇన్నేళ్లూ ఇది ఎలా ఉంటుందో తనకి తెలియదు. ఇచ్చింది గానీ పుచ్చుకోలేదు.

"అవతల ఒడ్డున కలుద్దాం," అంది.

చప్పట్లు చాలాసేపు మోగాయి. తెర వెనక నిరుపమ వచ్చి వాటేసుకుంది.

"ఆంటీ, ఫస్ట్ పాజ్‌కి నాకు ప్రాణం పోయింది. రవి అయితే గిల్లుతూనే ఉన్నాడు. కానీ మీ కాళ్లు కదల్లేదు."

"రెండోసారి?"

నిరుపమ నాలిక కొరుక్కుంది. "కదిలాయి ఆంటీ."

"కదిలాయి," అంది మంగాదేవి తృప్తిగా. "వచ్చే ఏడు నుంచి నువ్వే. నేను ఇంక వేషాలే వేస్తాను." కృష్ణారావు అల్లం టీ కప్పు తెచ్చి చేతిలో పెట్టాడు. ఆ కప్పులో మాత్రం పంచదార రెండు చెంచాలు ఎక్కువే వేశాడు.

మర్నాడు ఆదివారం. మంగాదేవి షిఫ్టుకి వచ్చేసరికి సినా ఇంటికి వెళ్లకుండా టీగదిలో ఆమె కోసమే కూర్చుని ఉంది.

"నిన్న సాయంత్రం, వంటింట్లో పళ్లేలు సర్దుతున్నారు అప్పుడు," అంది. "ఇబ్బంది పడలేదు. నేను చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఒక ఊపిరి తీసుకుంది, రెండోది తీసుకుంటుందని చూస్తూ ఉన్నాను."

మంగాదేవి సినా పెద్ద చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. తను చీకట్లో నది వంక చూస్తున్న వేళ అయి ఉంటుందది. సరిగ్గా ఎప్పుడని అడగలేదు. అడగాలనిపించలేదు.

మేనకోడలు దారిలో ఉందట. ఆమె వచ్చేలోగా గది సర్దాలి. మంగాదేవి చేతులు కడుక్కుని వెళ్లింది. పరుపు మీద దుప్పటి తీసేశారు. కిటికీ తెరిచి ఉంది, చలిగాలి లోపలికి వస్తోంది. మంచం పక్కన కుర్చీ వీపు మీద జోన్ ఊదారంగు స్వెటర్ వేలాడుతోంది, తొందరలో ఎవరో విప్పినట్టు, ఒక చెయ్యి లోపలికి తిరగబడి. మంగాదేవి తొందరపడకుండా ఆ చేతిని బయటికి లాగి, స్వెటర్ మడిచింది.