ఒకే తూకం

ఆదివారం ఉదయం పదింటికి ఎర్ర కారు బ్రేకు పరీక్షలో తప్పింది. వేగంగా వచ్చి, సుద్దతో గీసిన పెట్టెలో తిన్నగా ఆగవలసిన కారు ఎడమకు తిరిగి మూడు కోన్లను పడగొట్టింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

సరుకు లారీలు ఆగే తారు మైదానంలో ఆ రోజు పోటీ. కోన్లు పెట్టి మలుపుల దారి వేస్తారు. ఒక్కో కారు ఒంటరిగా ఆ దారిలో తిరిగి వస్తుంది. ఎవరికి తక్కువ సమయం పడితే వాళ్లది గెలుపు. పాత కార్లకు మాత్రం ముందు బ్రేకు పరీక్ష ఉంటుంది. అందులో రెండు అవకాశాలు. పదకొండు దాటితే ఆ రెండోది కూడా ఉండదు.

కారు తమ్ముడిది. రెండు సీట్లది, పైకప్పు లేనిది, వయసులో అతని కంటే పెద్దది. దాన్ని పోటీకి తయారు చేసింది అక్క. ఆమె బస్సు డిపోలో బ్రేకుల విభాగంలో పనిచేస్తుంది. తమ్ముడి కుడి మోకాలి ఎముకలో గడ్డ ఉంది. గురువారం ఆపరేషన్. గడ్డ తీసి, లోపల కడ్డీ వేసి, ఆ మోకాలు ఇక వంగకుండా బిగిస్తారు. వంగని కాలితో ఈ కారులో కూర్చోవడం కుదరదు. ఈ సంగతి అక్కకు, ఆమె భర్తకు, తమ్ముడికి తెలుసు. పరీక్ష పెట్టే పెద్దాయనకు తెలియదు. చెవి మీద ఎప్పుడూ సుద్ద ఉంటుంది కనుక ఆయన్ని అందరూ సుద్దముక్క అంటారు.

సుద్దముక్క అక్కను పక్కకు పిలిచాడు.

"అమ్మా, ఏమీ అనుకోకు. కారు బాగుంటే సరిపోదు. తొక్కేవాడు కూడా తొక్కాలి కదా. మీవాడు దిగేటప్పుడు చూశాను, కాలు ఈడుస్తున్నాడు."

"పదకొండు లోపల తెస్తాం, బాబాయ్ గారూ."

"తెండి. మళ్లీ పక్కకు తిరిగితే మాత్రం నన్ను బతిమాలొద్దు."

తమ్ముడు తాము తెచ్చుకున్న వ్యాను మెట్టు మీద కూర్చుని హెల్మెట్ తీశాడు.

"ఆయన అన్నదాంట్లో అబద్ధం ఏముందక్కా? కాలు మాట వినలేదు. సర్దేయండి, ఇంటికి పోదాం."

"పోదాం లేరా," అన్నాడు బావ. "పోయి ఏం చేస్తాం? మీ అక్క మొహం నేను చూడాలి, నా మొహం నువ్వు చూడాలి. అంతకంటే ఇక్కడ ఎండలో కూర్చోవడం నయం."

అక్క చక్రం విప్పింది. తమ్ముడి కాలికి శ్రమ తగ్గాలని పెడల్ తొక్కితే బ్రేకు నూనెను నెట్టే పాత మాస్టర్ సిలిండర్ తీసి దానికంటే సన్నది వేసింది ఆమే. పెడల్ కొంచెం లోతుకు పోతుంది గానీ తక్కువ బలానికే బ్రేకు పడుతుంది. పోటీలో ఒక పరుగు నిమిషంలో అయిపోతుంది కనుక, చల్లగా ఉన్నప్పుడే పట్టే బ్రేకు ప్యాడ్లు వేసింది. తప్పు ఉంటే ఈ రెండింట్లోనే ఉండాలి.

"తొక్కు," అంది. బావ సీట్లో కూర్చుని పెడల్ తొక్కాడు. ఆమె కింద బ్రేకు గొట్టం మూత వదులు చేసింది. గొట్టంలోంచి నూనె వచ్చింది. గాలి బుడగ రాలేదు. రెండో వైపూ అంతే. ప్యాడ్లు సమానంగా అరిగాయి. గొట్టాలు ఉబ్బలేదు. పనిలో తప్పు దొరికితే సరిచేసుకోవచ్చు. ఎక్కడా దొరకలేదు. అంటే తప్పు కాలిదే. ఆమె పానా కింద పెట్టి చేతులు తుడుచుకుంది. గుడ్డ పూర్తిగా నల్లబడినా తుడుస్తూనే ఉంది.

"ఇంకేం మిగిలింది?" అన్నాడు బావ.

"నాకు తెలీదు."

పెళ్లయిన ఇన్నేళ్లలో బండి విషయంలో ఆమె నోట ఆ మాట అతను వినలేదు. జోకు వేయబోయి మానేశాడు.

ఆమె నడుచుకుంటూ పరీక్ష పెట్టిన చోటికి వెళ్లింది. సుద్ద పెట్టె ముందు తారు మీద టైరు రాసుకున్న నల్ల గీత ఉంది. ఒకటే గీత. కుడి ముందు చక్రంది. ఎడమ చక్రం జాడ లేదు. ఆమె కూర్చుని గీతను వేలితో తడిమింది. రబ్బరు వేలికి అంటింది.

కాలిలో బలం లేకపోతే చక్రం బిగుసుకుపోదు. గీత పడదు. తమ్ముడు తొక్కాడు. గట్టిగానే తొక్కాడు. కుడి ముందు చక్రం మీద బరువు చాలక అది ముందే బిగుసుకుని జారింది. ఎడమది నేలను పట్టుకునే ఉంది. అందుకే కారు ఎడమకు తిరిగింది.

బరువు ఎందుకు చాలలేదో ఆలోచించే పని లేదు. డ్రైవరు కూర్చునేది ఆ వైపే. స్ప్రింగుల ఎత్తు సరిచేసేటప్పుడు డ్రైవరు సీట్లో డ్రైవరు ఉండాలి. నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెట్టి, అతని బరువుతో కలిపి లెక్క సరిచేయాలి. కారు తయారు చేసిన రోజు ఆమె కూర్చోబెట్టింది భర్తను. ఈ ఇంట్లో ఎప్పుడూ అంతే. పెళ్లిలో బావా బావమరుదులు పందెం వేసుకుని మందుల షాపు ముందున్న తూకం ఎక్కితే ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. అప్పటినుంచి ఒకరి చొక్కా ఒకరు వేసుకుంటారు. తమ్ముడు దొరకనప్పుడు కారులో బావ కూర్చోవడం మామూలే. ఈసారి తమ్ముడు దొరక్కపోలేదు. పక్క గదిలోనే ఉన్నాడు. పిలిచి తూకం మీద కూర్చోబెడితే ఎంత తగ్గాడో అంకెలో కనిపిస్తుందని ఆమె పిలవలేదు. డిపోలో ఇంకెవరైనా ఇలా చేస్తే నిలబెట్టి కడిగేసేది.

పరుగున వ్యాను దగ్గరికి వచ్చింది.

"వ్యాన్లోంచి తూకాలు దించండి. ఏరా, ఎంతున్నావు నువ్వు?"

"ఏంటి ఎంత?"

"బరువు."

తమ్ముడు బావ వైపు చూశాడు. "బావంత."

"లేచి సీట్లో కూర్చో. ముందు ఆ కోటు విప్పు."

విప్పాడు. కింద స్వెట్టరు ఉంది. దాని కింద ఇంకొకటి. ఆమె రెండూ తీయించింది. బావ తల తిప్పుకున్నాడు.

చక్రాలు బిగించి, వాటి కింద తూకాలు పెట్టాక అంకెలు నిలిచాయి. బావ కూర్చున్నప్పటి కంటే ఇరవై రెండు కిలోలు తక్కువ.

"ఇరవై రెండు కిలోల బామ్మర్దిని ఎక్కడ పారేసుకున్నావురా," అన్నాడు బావ. ఎవరూ నవ్వలేదు.

"నీకు చెబితే నన్ను ఎక్కనివ్వవనుకున్నానక్కా."

"అడిగితే నువ్వు ఎక్కనంటావనుకున్నాను. ఇద్దరం ఇద్దరమే. కదలకు."

కుడి ముందు స్ప్రింగు కింద ఒక నట్టు ఉంటుంది. దాన్ని పైకి తిప్పితే ఆ మూల బరువు మోస్తుంది. కారు ఎత్తి, కొక్కెం పానా వేసి లాగింది. నట్టు కదల్లేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా మరలో తుప్పు. నూనె కొట్టి మళ్లీ లాగింది. పానా జారి వేళ్లు ఇనుముకు కొట్టుకున్నాయి. తోలు లేచింది.

"ఇటివ్వు," అన్నాడు బావ.

"నువ్వు పానా పట్టుకో. నేను కొడతా."

అతను పట్టుకున్నాడు. ఆమె సుత్తితో పానా కొస మీద కొట్టింది. ఒకసారి అతని బొటనవేలి మీద పడింది. "నా వేలు పోతే నీ తమ్ముడికీ నాకూ మళ్లీ తూకం కలుస్తుందిలే," అంటూ అతను పానా వదల్లేదు. మైకులో సుద్దముక్క పాత కార్లకు ఆఖరి పిలుపు ఇచ్చాడు. ఆమె కొట్టింది. నట్టు కదిలింది. ఒక చుట్టు తిప్పి, కారు దించి, తూకాలు చూసింది. మళ్లీ ఎత్తి ఇంకో అర చుట్టు తిప్పింది. ముందు చక్రాల అంకెలు రెండూ దగ్గరికి వచ్చాయి.

"చాలు. పో."

రెండో పరీక్షలో కారు సుద్ద పెట్టెలో తిన్నగా ఆగింది. సుద్దముక్క వంగి తారు చూశాడు. గీత లేదు. చెవి మీది సుద్ద తీసి బానెట్ మీద గుర్తు పెట్టాడు. టైము పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ.

మధ్యాహ్నం పోటీలో తమ్ముడి వంతు వచ్చింది. మలుపుల దారిలో ఒక్క కోను కూడా పడలేదు. చివరి గీత దాటాక ఆగవలసిన చోట కారు ఆగింది. మైకులో సమయం చదివారు. ఇరవై ఒక్క కార్లలో తొమ్మిదో స్థానం.

తరువాతి కారు బయలుదేరాలి. ఎర్ర కారు కదల్లేదు. వెనక బ్రేకు లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. అక్క, బావ పరుగెత్తారు.

తమ్ముడు స్టీరింగు పట్టుకుని ముందుకు చూస్తున్నాడు.

"ఎత్తలేకపోతున్నా బావా," అన్నాడు.

అక్క చెయ్యి పెట్టి హ్యాండ్ బ్రేకు లాగింది. బావ లోపలికి వంగి, రెండు చేతులతో ఆ కాలిని పట్టుకుని పెడల్ మీంచి తీశాడు. బ్రేకు లైట్లు ఆరాయి.