బదులు మనిషి

ఆ హోటల్లో సెలవు ఇవ్వరని ఎవరైనా అంటే మేనేజరుకి ఎక్కడలేని కోపం వచ్చేది. ఎందుకివ్వం, కావలసినన్ని తీసుకోండి, బదులు మనిషిని చూపించి ఇంట్లో కాళ్లు చాపుకుని పడుకోండి, వద్దన్నదెవరు అనేవాడు. వినడానికి ఎంత చక్కగా ఉందో! ఒళ్లు కాలిపోతున్న మనిషి మంచం మీదే కూర్చుని వాళ్లకీ వీళ్లకీ ఫోన్లు చేసి, గడ్డం పట్టుకుని బతిమాలి, తన పని చేయగల ఇంకో మనిషిని వెతికి పెట్టాలన్నమాట. అంత ఓపికే ఉంటే పనికే పోవచ్చు కదా. అందరూ చివరికి అదే చేసేవారు. పోనీ ఆ మేనేజరు రాక్షసుడా అంటే అదీ కాదు. నూటరెండు జ్వరంతో కౌంటర్లో కూర్చున్న రోజులు ఆయనకీ ఉన్నాయి. ఆయనకి మాత్రం బదులెవరు దొరుకుతారు?

ఆ ఆదివారం ముక్కలక్క కూడా అలాగే పనికి పోయింది.

ఆవిడ అసలు పేరు జీతాల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. పన్నెండేళ్లుగా కీరా, క్యారెట్, బొప్పాయి, పుచ్చకాయ, పొయ్యి ఎక్కకుండా పళ్లెంలోకి పోయేది ఏదైనా సరే ఆవిడ చేతి మీదుగానే పోవాలి. ముక్కలు అచ్చు పోసినట్టు ఒక్క తీరున ఉంటాయి. మాట మాత్రం కత్తికన్నా పదును. ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే జవాబు చెప్పేయడం అలవాటు. మంచి మనిషేగాని నోరే కాస్త తొందర అని ఇంటా బయటా అనుకునేవారు, ఆవిడ వినకుండా.

ఆదివారం తెల్లవారకముందే రెండు వాంతులయ్యాయి. బాత్రూముకి మూడుసార్లు పరుగెత్తింది. గోడ పట్టుకుంటే తప్ప నిలబడలేకపోయింది. మేనేజరుకి ఫోన్ చేసి ఇదీ సంగతి అని చెబితే అయ్యో అన్నాడు, నిమ్మరసం తాగమన్నాడు, ఆ వెంటనే బదులెవరని అడిగాడు. నలుగురిని అడిగింది. ఒకామె కూతురికి పరీక్షలు, ఇంకొకామె ఊళ్లో లేదు, మూడో ఆమె ఫోనెత్తలేదు, నాలుగో ఆమె ఎత్తి పెట్టేసింది. సొంత తోటికోడలు ఉందిగాని, ఆమె అదే హోటల్లో బల్లల దగ్గర వడ్డించే మనిషి. ఆ రోజు ఆమెకీ డ్యూటీయే. ఇక చేసేదేముంది, ముక్కలక్క చీర కుచ్చిళ్లు బిగించుకుని బయల్దేరింది.

ఆ మధ్యాహ్నం రిటైరైన ఉద్యోగుల సంఘం వాళ్ల భోజనాలు, నలభై మంది. నాలుగు పెద్ద పళ్లాలు కోసింది. మధ్యలో నాలుగుసార్లు వెనక బాత్రూముకి పోయి వచ్చింది. సబ్బు సీసా అయిపోవస్తే అందులో నీళ్లు పోసి గిలకొట్టి పెట్టారెవరో. ఆ నురగతోనే చేతులు కడుక్కుంది. రోజుకి ఒక్క జత గ్లౌజులే ఇస్తారు కాబట్టి విప్పినవే మళ్లీ తొడుక్కుంది. ఏం కాదులే, కడుక్కున్నానుగా అని నాలుగుసార్లూ తనకి తనే చెప్పుకుంది. ఏం కాదనుకున్న మనిషికి అన్నిసార్లు చెప్పుకోవలసిన అవసరమేమిటో ఆ భగవంతుడికే తెలియాలి.

మంగళవారం పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. నలభై మందిలో ఇరవై ఆరుగురు పడకేశారు. ఒక పెద్దావిడ ఆస్పత్రిలో ఉంది, సెలైన్ ఎక్కిస్తున్నారు, మాట సరిగా రావడం లేదట. ఆ కబురు వంటింట్లోకి వచ్చేసరికి ముక్కలక్క చేతిలో కత్తి ఆగిపోయింది. మేనేజరు మాత్రం గుడ్లు తెచ్చే తాత మీద పడ్డాడు. పాచిపోయిన గుడ్లేవో అంటగట్టి ఉంటాడు, రేపట్నుంచి రావద్దన్నానని గట్టిగా అందరికీ వినపడేలా చెప్పాడు. ఇరవై ఏళ్లుగా సైకిలు మీద గుడ్లు మోసుకొస్తున్న ముసలాయన. ఆయన వైపు ఒక్కరైనా మాట్లాడతారేమోనని ముక్కలక్క చుట్టూ చూసింది. అందరూ పనిలో తలమునకలైపోయారు. తనూ తల దించుకుంది.

ఆ రాత్రి ఆవిడకి కునుకు పట్టలేదు. పెద్దావిడ గురించిన భయం ఒకటైతే, గురువారం గురించిన భయం ఇంకొకటి. గురువారం బడి పిల్లల భోజనాల ఆర్డరు ఉంది. రెండు వందల డబ్బాలు, ప్రతి డబ్బాలో కీరా ముక్కలు, బొప్పాయి ముక్కలు. పెద్దవాళ్లే ఇలా అయిపోతే ఏడెనిమిదేళ్ల పిల్లలు ఏమవుతారు? తన కడుపు కుదుటపడింది, నిజమే. కానీ ఆ సాయంత్రం వంట మాస్టరు పొయ్యి దగ్గర్నుంచి రెండుసార్లు వెనక గుమ్మంలోకి పోయి, మూతి తుడుచుకుంటూ రావడం తను చూసింది. తను చూసినట్టు ఆయనా చూశాడు. ఇద్దరూ ఏమీ అనుకోలేదు.

చెబితే ఏమవుతుందో ఆవిడకి తెలుసు. పని పోతుంది. ఆ హోటలు మూతపడితే తనదే కాదు, తోటికోడలి ఇంట్లో పొయ్యి కూడా ఆరిపోతుంది. అన్నదమ్ములిద్దరికీ పని ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. చెప్పకపోతే రెండు వందల మంది పిల్లలు. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. తెల్లవార్లూ ఆ రెంటి మధ్యే దొర్లింది.

బుధవారం పదింటికి తనిఖీ అధికారి వచ్చింది. సన్నగా, కళ్లజోడుతో, గొంతు పెంచకుండా మాట్లాడే మనిషి. పరీక్షకి సీసాలో నీళ్లు పట్టింది, గుడ్లు చూసింది, ఫ్రిజ్‌లో చెయ్యి పెట్టి చూసింది. మేనేజరు ముందే అందరికీ పాఠం చెప్పి ఉంచాడు. మన దగ్గర ఎవరికీ ఏమీ రాలేదు, అంతే. సాక్ష్యానికి ఆరోగ్య పుస్తకం తెచ్చి అధికారి ముందు తెరిచాడు. నాకు జ్వరం, వాంతులు, విరేచనాలు లేవు అని పనివాళ్లు ప్రతిరోజూ సంతకం పెట్టాల్సిన పుస్తకం అది. ఆదివారం గడిలో అందరి సంతకాలూ ఉన్నాయి. ముక్కలక్కది మరీ ముత్యాల కోవలా ఉంది. అధికారి దాన్ని చదివి, నిదానంగా పేజీ తిప్పింది. ఈ వారం కూడా అన్ని గడులూ నిండి ఉన్నాయి.

"రేపు కూడా అందరూ బాగుంటారన్నమాట," అంది అధికారి. "శనివారం కూడా."

మేనేజరు మొహంలో నెత్తురు చుక్క లేదు. రోజూ ఎవరికి తీరుబడి ఉంటుంది? సోమవారం పొద్దున టీ తాగుతూ వారం మొత్తానికీ ఒకేసారి గిలికేయడం అక్కడి అలవాటు. ఏళ్ల తరబడి అలాగే జరుగుతోంది. దాన్లో తప్పుందని ఎవరికీ తోచనే లేదు.

అధికారి పుస్తకం మూసి సామాన్ల గదిలో కుర్చీ వేయించుకుని, ఒక్కొక్కరినే లోపలికి పంపమంది. బయట బల్ల మీద నలుగురు కూర్చున్నారు. ముక్కలక్క, వంట మాస్టరు, గిన్నెలు తోమే అత్త, చివర తోటికోడలు. ఆమె మొహం పాలిపోయి ఉంది. పని పోతుందని బెంగ కాబోలు అనుకుంది ముక్కలక్క. మొదటి పిలుపు తనకే వచ్చింది.

గదిలో ఉల్లిపాయల బస్తాల మధ్య కూర్చుని అధికారి ఆవిడని తేరిపార చూసింది. పరీక్షల ఫలితాలు రావడానికి అయిదు రోజులు పడుతుందట. రేపటి పిల్లల ఆర్డరు ఆపాలా వద్దా అన్నది మాత్రం ఈ మధ్యాహ్నంలోపే తేల్చాలట. ఊరికే అనుమానం మీద ఆపలేను, ఎవరైనా చెబితే ఆపగలను అంది. ముక్కలక్కకి ఎప్పుడూ లేనిది, మాట కోసం వెతుక్కోవలసి వచ్చింది.

"నాకేనండీ," అంది. "ఆదివారం వాంతులవుతుంటే వచ్చి కోశాను. ఆ పెద్దావిడ తిన్నది నా చేతి ముక్కలే."

అంటూనే ఏడ్చేసింది. అధికారి ఏడవనిచ్చింది. తర్వాత, సెలవెందుకు అడగలేదని అడిగింది. అడిగానంది ముక్కలక్క. బదులు మనిషి సంగతి చెప్పింది, నలుగురికి చేసిన ఫోన్ల సంగతి చెప్పింది, గ్లౌజుల సంగతీ చెప్పింది. మేనేజరు మాట రాసుకోవచ్చా అని అధికారి అడిగితే రాసుకోండి అంది. పోయేదెలాగూ పోయింది, ఇక దాచి ఏం లాభం?

బయటికి వచ్చి బల్ల మీద కూలబడి, చెప్పేశానని మిగతావాళ్లకి చెప్పింది. తిట్టిపోస్తారని కాచుకుంది. ఎవరూ తిట్టలేదు. కాసేపటికి వంట మాస్టరు నేల చూపులు చూస్తూ, తనకి శనివారం నుంచి అలాగే ఉందన్నాడు. గిన్నెలత్త తనకి శుక్రవారం పట్టుకుందని, మనవడిక్కూడా తగిలిందని చెప్పింది. చూశారా మరి! ఇన్నాళ్లూ ఒకే పైకప్పు కింద తేలు కుట్టిన దొంగల్లా, ఎవరికి వారు పాపమంతా తమదే అనుకుంటూ, పక్కవాళ్ల మొహం చూడకుండా తిరిగారు. ముక్కలక్కకి గుండెల మీంచి బండ దిగినట్టయింది. అంటే నాతో మొదలవలేదన్నమాట అనుకుంది. సిగ్గువేసినా సరే, ఆ ఊరట ఊరటే. మాస్టరు, అత్త ఒకరి తర్వాత ఒకరు లోపలికి వెళ్లి చెప్పి వచ్చారు.

అప్పుడు తోటికోడలు, ముక్కలక్కకి మాత్రమే వినపడేలా, తనకి పోయిన గురువారం వచ్చిందని చెప్పింది. అందరికన్నా ముందు.

ముక్కలక్క గిర్రున తిరిగింది. మరి బదులు మనిషిని చూసుకోలేకపోయావా అని నోటిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే ఆగిపోయింది.

పోయిన గురువారం ఆవిడకి ఆ వారపు సెలవు. పొద్దున్నే తోటికోడలు ఎదురింటి నుంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. అక్కా, ఈ ఒక్కరోజు నా బదులు వెళ్తావా అంది. బకెట్లో దుప్పట్లు నానేసి ఉన్నాయి. దొరక్క దొరక్క దొరికిన సెలవు. ఈమె ఏ సినిమాకో, ఏ స్నేహితురాలి ఇంటికో పోవడానికి అనుకుంది ముక్కలక్క. నీ షికార్లకి నేను బదులా అని తలుపేసుకుంది.

"వాంతులని చెప్పొచ్చుగా," అంది ముక్కలక్క.

"చెప్పేలోపే తలుపేశావక్కా," అంది తోటికోడలు. ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. లోపల్నుంచి పిలుపు వచ్చింది. పైట సర్దుకుని, గోడ ఆసరాగా లేచి వెళ్లింది.

తలుపు పూర్తిగా పడలేదు. రేపటి ఆర్డరు ఆపేస్తున్నానని అధికారి అప్పటికే ఫోన్లో ఎవరికో చెబుతోంది. ముక్కలక్క ఆ మాట వింది. ఇంతసేపూ ప్రాణాలు ఉగ్గబట్టుకున్నది ఆ మాట కోసమే. అయినా బల్ల మీంచి లేవలేదు. ఫోన్ పెట్టేసి అధికారి తోటికోడలిని ఎప్పట్నుంచి అని అడిగింది. గురువారం నుంచి అంది. బదులు కోసం ఎవరినైనా అడిగారా అంటే, అడిగానంది.

"ఎవరిని?"

బల్ల మీద ముక్కలక్క చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది.

"గుర్తులేదండీ," అంది తోటికోడలు.

ముక్కలక్క లేచింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి, ఆ పిల్ల పక్కన నిలబడింది.

"నన్నండీ," అంది. "నన్నే అడిగింది. రాసుకోండి."