దోవలో ఆగిన బస్సు

"ఓట్ల పెట్టె మూసేదాంక నీ బండి కదలొద్దు నగేష్ భాయ్. దోవల ఖరాబయిందని చెప్పు, అంతే," అన్నాడు ఫోన్లో లేబర్ క్యాంప్ బాస్ రఫీయుద్దీన్. నగేష్‌ను ఖతార్‌లో ఉంచాలన్నా, ఇంటికి తోలెయ్యాలన్నా అతడి మాటే చెల్లుతుంది.

బస్సు నిండా దోహా పక్కనున్న లుసైల్‌లో, ఒక హోటల్లో పనిచేసే తారోవియా వాళ్ళు. యూరప్ మూలనున్న ఆ చిన్న దేశం పెద్ద ఆర్థిక కూటమిలో చేరాలా వద్దా అని ఈరోజే ఓటింగు. దోహాలోని వాళ్ళ ఎంబసీలో పొద్దుగూకితే పెట్టె మూస్తారు.

"వీళ్ళ ఓటుతో మనకేంది సార్?"

"మనకేం లేదు. అడిగినోళ్ళకుంది. ఎవరని అడగకు."

నగేష్ బస్సును రోడ్డు పక్కకు తీసి బానెట్ ఎత్తాడు. వెనకే ఒక తెల్ల కారు ఆగింది. అందులోంచి ఎవరూ దిగలేదు.

నగేష్ ఒక్క సంగతి మరిచాడు. ఆగిన బస్సును చూసి తెలంగాణ డ్రైవరెవడూ ఊరికే పోడు. ఖాళీ బస్సుతో మెసయీద్ పోతున్న నర్సింలు సర్రున పక్కకొచ్చాడు.

"ఏందిర తమ్మీ, ముసల్దాన్ని మల్ల కూసోవెట్టినవా?"

"నువ్ పో అన్నా. మెకానిక్ వస్తుండు."

"ఆడొచ్చేసరికి తెల్లారుతది. పాపం, ఓటుకు పోతున్నరట గద! యల్లా, అందరు నా బండెక్కుర్రి!"

జనం బిలబిలా ఎక్కేశారు. తెల్ల కారు అద్దం కొద్దిగా దిగింది. నర్సింలు చెయ్యూపి వెళ్ళిపోయాడు.

తెల్ల కారు మాత్రం కదల్లేదు. పొద్దు వాలేవేళకు నగేష్ ఫోన్ మోగింది.

"ఎవడాడు, జనాన్ని ఎక్కిచ్చుకపోయినోడు? పేరు చెప్పు," అన్నాడు రఫీయుద్దీన్.

నిన్ననే నర్సింలూ తనూ ఒకే డబ్బాలో అన్నం తిన్నారు. పేరు నాలుక చివరే ఉంది. చెబితే తను బతికిపోతాడు.

"నేనే పిలిచిన సార్. ఆయనకేం తెల్వది."

"మంచిది," అన్నాడు రఫీయుద్దీన్ మెల్లగా, ఫోన్ పెట్టేస్తూ.

నగేష్ బానెట్ మూసి, సీట్లోకి ఎగబాకి తాళం తిప్పాడు. ఏ రోగమూ లేని ఇంజన్ ఒక్క తిప్పుకే అందుకుంది. ఈలోపు తెల్ల కారు ముందుకొచ్చి రోడ్డుకు అడ్డంగా నిలిచింది. నాలుగు తలుపులూ ఒకేసారి తెరుచుకున్నాయి.

పొద్దుగూకి, దూరంగా మసీదులో అజాన్ మొదలయ్యింది. ఒళ్ళో మళ్ళీ మోగిన ఫోన్ ఎత్తగానే నర్సింలు గొంతు ఖుషీగా పలికింది.

"అందరు ఓటేసిండ్రు తమ్మీ! నీకు దండం పెడుతున్నరు. బండి అయ్యిందా? యాడున్నవ్?"